ఖాళీగా వదిలిన నాలుగు గీతలు

ఆఁ, ఎక్కడ ఆగాను? డెల్మర్ కుచేరా తాళాల గుత్తి దగ్గర కదూ. నలభై మూడు చెవులండీ అందులో. ఒకసారి స్టాఫ్ రూంలో బల్ల మీద మర్చిపోతే, నాకేం పనిలేక ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "టీచరమ్మా, చాలకపోతే చెప్పండి, ఇంకో రెండు చేయించుకొస్తాను" అన్నాడు. అదీ మనిషి. నవ్వకుండా అంటాడు.

మా లోడెన్ హైస్కూల్లో ఆయన తెరవలేని తలుపు లేదు. ఊడవడం, తుడవడం, చలికాలం బాయిలర్ చూసుకోవడం, ఫుట్‌బాల్ మైదానానికి తెల్లగీతలు గియ్యడం, కచేరీ ఉందంటే నాలుగొందల కుర్చీలు వెయ్యడం, అయ్యాక మళ్ళీ తియ్యడం. నలభై ఏడేళ్ళుగా అదే పని. నేను అదే బళ్ళో ముప్పై మూడేళ్ళు వంటా కుట్టుపనీ నేర్పి రిటైరయ్యాను. ఆయన ఇంకా అవలేదు. ఆటకి వెళ్ళినా ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. తుడుపుకర్ర పట్టుకుని తలుపు పక్కన నిలబడతాడు, ఎవరన్నా కూల్‌డ్రింకు ఒలకబోస్తే వెళ్ళి తుడవడానికి.

మీకు ఆయన ఫొటో ఒకటి చూపించాలి. 1975లో బడి పూర్తిచేసినవాళ్ళ పుస్తకంలో ఉంది. చెవులు నిక్కబొడుచుకుని, ఎవరిదో అరువు కోటు, భుజాలు జారిపోతూ. మా పుస్తకాల్లో ఫొటో కింద పేరు వేస్తారు, పేరు కింద ఆ పిల్లలు నాలుగేళ్ళలో ఏ ఆటలాడారు, ఏ క్లబ్బుల్లో ఉన్నారు అని వేస్తారు. అంకెలు ఏ ఏడాదో చెప్తాయి. డెల్మర్ పక్కన రోజర్ ఫ్యూక్స్ ఉన్నాడు. వాడి కింద అయిదు వరసలు. ఫుట్‌బాల్ ఒకటి రెండు మూడు నాలుగు, బ్యాండ్ ఒకటి రెండు మూడు నాలుగు, నాటకం, వ్యవసాయ క్లబ్బు, విద్యార్థి సంఘం. హాఫ్‌టైంలో ఆ ఫుట్‌బాల్ దుస్తుల్లోనే, మోకాళ్ళ నిండా మట్టితో ట్రాంబోన్ వాయించినవాడు రోజర్. చిన్న ఊళ్ళల్లో అంతే కదా, ఉన్న పిల్లలే అన్నీ చెయ్యాలి.

డెల్మర్ పేరు కింద ఒక్కటే వరస. స్కూల్ సేవ, ఒకటి రెండు మూడు నాలుగు.

స్కూల్ సేవ అంటే, వేరే క్లాసు దొరకని పిల్లలు ఆ గంటసేపు లైబ్రరీ పుస్తకాలు మొయ్యడం, నల్లబల్లలు తుడవడం, జిమ్ము ఊడవడం. దానికీ మార్కులుండేవి. ఆయనకి మంచి మార్కులే వచ్చాయి. చదువు అవగానే పిలిచి ఉద్యోగం కూడా ఇచ్చారు, పని తెలిసినవాడని.

ఆ పిల్లాడికి అసలు కావాల్సింది మెకానిక్ షాపు, అంటే బళ్ళోనే యంత్రాల పని నేర్పే క్లాసు. ఎందుకు రాలేదో ఆయనే చెప్పాడు నాకు, నవ్వకుండా. "మా అమ్మ చేతిరాత బాగుండబట్టి నాకు చీపురొచ్చింది టీచరమ్మా."

ఎలాగంటే, తొమ్మిదో తరగతిలోకి వచ్చే పిల్లలకి మార్చి నెలలో ఒక కార్డు ఇస్తాం. పైన నాలుగు గీతలు, నీకు ఏ క్లాసులు ఇష్టమో రాయడానికి. కింద ఇంకో నాలుగు గీతలు, అవి దొరక్కపోతే మారుగా ఏవి తీసుకుంటావో రాయడానికి. అన్ని గీతలూ నింపవలెను అని అచ్చేసి ఉంటుంది. డెల్మర్ తల్లి ఆగ్నెస్ అచ్చులో ఏముంటే అది చేసే మనిషి. ఎనిమిది గీతలూ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. ఎనిమిదో గీత దగ్గర ఏం రాయాలో తోచలేదట. జాబితాలో అట్టడుగున ఉన్న స్కూల్ సేవ ఎక్కించేసింది.

అప్పట్లో క్లాసులు కేటాయించేది లెస్టర్ ప్రాయిస్ అని ఒకాయన. ఆగస్టులో భోజనాల హాల్లో బల్లలన్నిటి మీదా కార్డులు పరుచుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని చేత్తో సర్దేవాడు. ఎనిమిదీ నిండిన కార్డు దొరికిందా, ఆయనకి పండగ. ఆ పిల్లల్ని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడేసేవాడు, అడగక్కర్లేదు కదా, వాళ్ళే రాసిచ్చారాయె. కింది గీతలు ఖాళీగా ఉంటే మాత్రం ఇంటికి ఫోన్ చెయ్యాల్సొచ్చేది. "ఖాళీగా వదిలేశారేంటండీ, మీవాడికి ఏం కావాలి?" అవతల తండ్రి, "వాడికి షాపు కావాలి లెస్టర్, ఇంకేం వద్దు" అనేవాడు. ఇక తప్పదు. ఆదివారం చర్చిలో అదే వరసలో పక్కపక్కన కూర్చోవాలిగా.

అందుకని తెలిసినవాళ్ళెవరూ కింది గీతలు నింపేవాళ్ళు కాదు. తెలిసినవాళ్ళంటే ఎవరు? పొలాలున్నవాళ్ళు, కొట్లున్నవాళ్ళు, టీచర్లు. మిగతావాళ్ళు చక్కగా నింపి ఇచ్చేవాళ్ళు. నాకు ఉద్యోగంలో చేరిన రెండో ఏడే తెలిసింది. మా ఇద్దరు అబ్బాయిలవీ ఖాళీగానే పంపాను. నా క్లాసులో కూర్చున్న పిల్లలకి చెప్పానా అంటే, చెప్పలేదు. అది చెప్పే విషయం కాదన్నట్టుండేది మా అందరికీ.

డెల్మర్‌కి ఎలా తెలిసిందంటే, ఉద్యోగంలో చేరాక ఆ బల్లల కింద ఊడుస్తూ లెస్టర్ ఫోన్లు విన్నాడు. రెండు ఆగస్టులు వినేసరికి లెక్క అర్థమైంది. తన కూతురు రెనే తొమ్మిదిలోకి వచ్చినప్పుడు కింది నాలుగూ ఖాళీ వదిలాడు. లెస్టర్ ఫోన్ చేశాడు. ఆ పిల్లకి కావాల్సిన బ్యాండు వచ్చింది. లెస్టర్ తర్వాత వచ్చినాయనా అదే పద్ధతిలో నడిపాడు. కాబట్టి డెల్మర్‌కి ప్రపంచంలో గట్టిగా తెలిసిన సంగతి ఒకటుందంటే ఇదే. కింది గీతలు నింపకూడదు.

ఇక మనవరాలి సంగతికొస్తాను. రెనే కూతురు టీగన్. తండ్రి ఎక్కడున్నాడో ఎవరూ అడగరు. రెనే వృద్ధుల ఆశ్రమంలో డ్యూటీలు చేస్తుంది, తల్లీకూతుళ్ళు డెల్మర్ ఇంట్లోనే ఉంటారు. పిల్ల పద్నాలుగేళ్ళకే ఆరడుగులకి దగ్గరగా ఎదిగింది. మాట తక్కువ. డెల్మర్ గరాజ్‌లో పాత వెల్డింగ్ మిషన్ ఒకటుంది. చిన్నప్పుడు తాతకి టార్చిలైటు పట్టుకునేది, తర్వాత ఇనుప ముక్కలు పట్టుకునేది, ఆ తర్వాత తాత టార్చిలైటు పట్టుకోవడం మొదలుపెట్టాడు.

పోయిన శీతాకాలం జిమ్ములో కుర్చీలు మోసే బండి చట్రం విరిగితే, డెల్మర్ ఇంటికి తీసుకెళ్ళి తెచ్చాడు. వెల్డింగ్ నేర్పే ఒడెగార్డ్ ఆ అతుకు మీద బొటనవేలు రాసి చూసి, "ఎవరు చేశారిది డెల్? నువ్వు కాదు, నీ అతుకులు నాకు తెలుసు, పేడముద్దల్లా ఉంటాయి" అన్నాడు.

"మా పిల్ల."

"ఎనిమిదో తరగతి పిల్లా?"

"నేనూ అదే అడిగాను దాన్ని."

"పంపించు నా దగ్గరికి" అన్నాడు ఒడెగార్డ్.

ఆ మాట డెల్మర్ ఎంతమందికి చెప్పుంటాడో. నాకే మూడుసార్లు చెప్పాడు. పెట్రోల్ బంకులో మా కాఫీ బల్ల ఒకటుంది, పొద్దున ఆరింటికి మేం నలుగురైదుగురం చేరతాం, అక్కడ.

కానీ వెల్డింగ్ షాపులో ఒక్కొక్కరు నిలబడి పనిచేసే అరలు పదహారే. అన్ని తరగతులకీ కలిపి. తొమ్మిదోవాళ్ళకి దక్కేవి నాలుగు చోట్లు. ఆ నాలుగింట్లో ఉన్నవాళ్ళే పదిలో రెండోది తీసుకోవాలి, పదకొండులో మూడోది, పన్నెండులో సగంపూట కాలేజీకి పంపిస్తారు, బడి అయ్యేసరికి చేతిలో సర్టిఫికెట్టు ఉంటుంది. తొమ్మిదిలో ఎక్కనివాళ్ళకి మధ్యలో ఎక్కే మెట్టు లేదు. పిల్లకి అది తెలుసు. దానికి వేరే ఏదీ అక్కర్లేదు.

తాతకి మాత్రం అన్నీ కావాలి.

మార్చిలో ఒక సాయంత్రం కొత్తగా వచ్చే పిల్లలనీ వాళ్ళ పెద్దవాళ్ళనీ జిమ్ముకి పిలుస్తాం. చుట్టూ బల్లలు, బల్లకో క్లబ్బు, బల్లకో ఆట. ఓ పక్క చిల్లీ అనే మాంసం చిక్కుడుగింజల కూర, దాల్చినచెక్క రొట్టెలు. రిటైరైనా నన్ను ఆ చిల్లీ గిన్నె దగ్గర నిలబెడతారు, నా గరిట చెయ్యి మంచిదని. నేనూ ఊరుకోను కదా, ప్రతి కప్పుకీ ఒక కబురు. అక్కణ్ణించే చూస్తున్నాను. డెల్మర్ ఆ రోజు పని చొక్కా తీసేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. టీగన్ మోచెయ్యి పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరికీ తిప్పుతున్నాడు.

"ఇక్కడ పేరు రాయి."

"తాతా, ఇది ఉపన్యాసాల పోటీ."

"రాయి."

"నేను మాట్లాడనే మాట్లాడను కదా."

"నేర్పుతారు. అందుకే పెట్టారు."

ఉపన్యాసం, క్విజ్, నాటకం, వ్యవసాయ క్లబ్బు, గురిచూసి కాల్చే క్లబ్బు. కోచ్ స్ట్రూబ్ అయితే దూరం నుంచే చూసి బల్ల దాటి వచ్చేశాడు. ఫుట్‌బాల్ కోచ్ ఆయన. ఆయన భార్య వాలీబాల్ చూస్తుంది. "డెల్, ఇన్నాళ్ళు ఈ పిల్లని ఎక్కడ దాచావయ్యా? మా ఆవిడ చూస్తే ఇంటికి పట్టుకుపోతుంది" అన్నాడు. డెల్మర్ ముఖం చూడాలి అప్పుడు. నలభై ఏడేళ్ళలో ఆ జిమ్ములో ఆయన్ని ఎవరైనా పిలిచి మాట్లాడారంటే ఏదో ఒలికిందనే. వాలీబాల్ కాగితం మీద కూడా రాయించాడు.

చివరికి ఆ పిల్ల నా దగ్గరికి కప్పు పట్టుకుని వచ్చి, "టీచరమ్మా, మా తాతకి కొంచెం చెప్పండి. నాకు వెల్డింగ్ ఒక్కటి చాలు" అంది.

"ఆయన సరదా ఆయన్ని తీర్చుకోనివ్వమ్మడూ. క్లబ్బులదేముంది, వెళ్ళకపోతే వాళ్ళే కొట్టేస్తారు" అన్నాను.

అప్పుడే మిస్ హాల్వర్సన్ మైకు దగ్గరికొచ్చింది. ఆ ఏడాదే వచ్చిన పిల్ల, లెస్టర్ ఉద్యోగం ఇప్పుడు ఆవిడది. ఈసారి కార్డులు కంప్యూటర్లోకి ఎక్కిస్తాం, దయచేసి అందరూ కింది గీతలు కూడా నింపండి, అంటూ ఏదో చెప్పింది. ఏదో అంటున్నానంటే, నేను విన్లేదు. రోజర్ ఫ్యూక్స్ భార్యకి మా తోటలో కుందేళ్ళ సంగతి చెప్తున్నాను. మైకు కూడా కీచుమంటోంది, కానీ ఆ వంక పెట్టుకోను.

మర్నాడు పొద్దున కాఫీ బల్ల దగ్గరికి డెల్మర్ ఆ కార్డు తెచ్చాడు. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. మడత పడకుండా పిల్ల లెక్కల పుస్తకంలో పెట్టి తెచ్చాడు. పైన మొదటి గీత మీద వెల్డింగ్. కింది నాలుగు గీతలూ పెన్సిలుతో నింపి ఉన్నాయి. చిన్న ఇంజన్లు, డ్రాఫ్టింగ్, వ్యవసాయ యంత్రాలు, వడ్రంగం. గుండ్రటి అక్షరాలు, ఆగ్నెస్ పోలికే.

"పిల్ల నింపేసింది టీచరమ్మా. నింపమని ఈ కాగితంలో ఉందంటుంది. మీరోసారి చూడండి" అని ఇంకో కాగితం కూడా నా ముందు పెట్టాడు. బడి నుంచి వచ్చిన కాగితం, రెండు పేజీలు. సన్న అచ్చు.

నా కళ్ళజోడు కారులో ఉంది. వెళ్ళి తెచ్చుకోవచ్చు. బయట చలి.

"అచ్చులో అలాగే వేస్తారు డెల్మర్. మీ అమ్మ రోజుల్లోనూ అలాగే వేశారుగా" అన్నాను.

"అంతేనంటారా?"

"కింద రాసిచ్చామంటే వడ్రంగంలో పడేస్తారు. ఖాళీ ఉంటే ఫోనొస్తుంది. ఫోనొస్తే నువ్వు చెప్పు, దానికి వెల్డింగే కావాలని. నాకు తెలీదా, ముప్పై మూడేళ్ళు ఉన్నాను అందులో."

"పిల్ల చేత చెరిపించనా?"

"దాన్నెందుకు, ఇటివ్వు."

నా సంచిలో రబ్బరు ఎప్పుడూ ఉంటుంది, గళ్ళ పజిళ్ళు చేస్తానుగా. నాలుగు గీతలూ నేనే చెరిపాను. శుభ్రంగా చెరిపాను, పొట్టు ఊదేసి ఇచ్చాను. ఆయన అక్కడే సంతకం పెట్టాడు. పనికి వెళ్తూ వెళ్తూ ఆఫీసులో ఇచ్చేశాడు.

ఫోన్ రాలేదు. ఏప్రిల్, మే, జూన్. "ఆగస్టులో చేస్తారు" అన్నాను. ఆగస్టు మొదటి వారంలో ఫోన్ బదులు కవరొచ్చింది. వెల్డింగ్ లేదు. చివరి గంట కోరస్, అందరితో కలిసి పాడడం. నాలుగో గంట ఊరికే కూర్చుని చదువుకోవడం. రెండో గంట వ్యాపార పరిచయం.

ఆ రెండు పేజీల కాగితం తర్వాత నేను చదివాను, కళ్ళజోడు పెట్టుకుని. మొదటి పేజీలోనే ఉంది, నల్ల అక్షరాల్లో. అన్ని గీతలూ నింపిన కార్డులు ముందు తీసుకుంటాం, ఖాళీలున్న కార్డులు చివర తీసుకుంటాం, ఖాళీ గీతంటే ఏదైనా ఫర్వాలేదని అర్థం చేసుకుంటాం. ఇంటికి ఫోన్లు ఉండవు.

ఆ ఏడాది కింది గీతలు ఖాళీగా వచ్చిన కార్డులు ఏడో ఎనిమిదో అట. అన్నీ మా వయసు తాతలూ అవ్వలూ ఉన్న ఇళ్ళవే.

డెల్మర్ మిస్ హాల్వర్సన్ దగ్గరికి వెళ్తానన్నాడు. "మీరూ రాండి టీచరమ్మా, మీ మాటంటే వింటారు." ఆ రోజు నాకు పళ్ళ డాక్టరు దగ్గర పనుంది. నిజంగానే ఉంది. మార్చుకుంటే మార్చుకోవచ్చు, అది వేరే సంగతి.

ఒక్కడే వెళ్ళాడు. ఆవిడ మర్యాదగానే మాట్లాడిందట. కుర్చీ చూపించింది, ఈయన కూర్చోలేదు. ఆ కుర్చీలు తుడిచేది తనేగా. "కార్డు ఖాళీగా ఉంది కదండీ, మీ అమ్మాయికి ప్రత్యేకంగా ఇష్టం లేదేమో అనుకున్నాం" అందట. "ఇప్పుడు నాలుగూ నిండిపోయాయి. బడి తెరిచిన మొదటి పదిరోజుల్లో ఎవరన్నా మానేస్తే ఆ చోటు ఇస్తాను. తప్పకుండా ఇస్తాను." ఖాళీ ఎందుకు వదిలారని కూడా అడిగిందట.

"ఏమన్నావు?" అన్నాను.

"తెలీక వదిలామన్నాను."

అంతే. నా పేరు తియ్యలేదు.

ఆ చోట్లు దక్కిన నలుగురిలో ఒకడు కోల్ లెంజ్ అని, వాడికి వెల్డింగ్ వద్దే వద్దు. కింది గీతల్లో మూడోదిగా రాశాడట, ఏదో ఒకటి రాయాలి కాబట్టి. "కళ్ళల్లో నిప్పురవ్వలు పడతాయి, చొక్కా కంపు కొడుతుంది" అని ఊరంతా చెప్తున్నాడు. వాడి తల్లి నా దగ్గర కుట్టుపని నేర్చుకుంది. జిప్పు తిరగేసి కుట్టేది. వాడు మానేస్తే టీగన్‌కి చోటొస్తుంది. పదిరోజుల్లో.

కానీ వాడు ఫుట్‌బాల్లో ఉన్నాడు. వెల్డింగ్ చివరి గంట. వేరే ఊళ్ళో ఆటుంటే పిల్లల బస్సు రెండింటికే బయల్దేరుతుంది, చివరి గంట పోతుంది. ఒడెగార్డ్ దానికి ఏమీ అనడు, తర్వాత వచ్చి పని పూర్తి చెయ్యమంటాడు. కోరస్ ఆవిడ అలా కాదు, ఒక రోజు పోతే మార్కులు కోస్తుంది. అందుకని కోచ్ స్ట్రూబ్ తన పిల్లలందర్నీ చివరి గంట షాపుల్లో పెట్టించుకుంటాడు. అది కూడా అందరికీ తెలిసిందే.

ఏడో రోజున డెల్మర్ కోచ్‌ని అడిగాడు. నేనక్కడే ఉన్నాను, సాయంత్రం మైదానం చుట్టూ నడుస్తాను కదా. ఈయన గీతలు గీసే బండి తోసుకుంటూ ఇరవై గజాల గీత దగ్గర ఆగాడు.

"కోచ్, కోల్‌కి ఆ షాపు ఇష్టం లేదట."

"ఇష్టం ఎవడిక్కావాలి డెల్? వాడు నాకు శుక్రవారం ఆటలకి కావాలి."

"మా పిల్లకి ఆ చోటు కావాలి. వాణ్ణి మీరు వడ్రంగానికి మార్పించినా అదీ చివరి గంటే కదా."

"వడ్రంగం ఆయన నేను చెప్తే వినడు. మొన్న ఇద్దర్ని బస్సెక్కకుండా ఆపేశాడు." కోచ్ ఈల నోట్లోంచి తీసి డెల్మర్ భుజం మీద చెయ్యేశాడు. "నా మాట విను. దాన్ని మా ఆవిడ దగ్గరికి పంపు. అంత పొడుగు పిల్లకి ఆ మసి పనేంటయ్యా? నెట్ దగ్గర నిలబడితే చాలు, ఊరంతా చప్పట్లు కొడతారు."

"అది వాలీబాల్ మానేసింది."

"అదీ సంగతి. అందుకే అంటారు, ఈ కాలం పిల్లలకి పట్టుదల లేదని." నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. డెల్మర్ బండి మళ్ళీ తోశాడు. ముప్పై ఏళ్ళు ఆ మనిషికి గీతలు గీసి పెట్టాడు, ఒక్క అడుగు వంకర పోకుండా. ఆ రోజూ వంకర పోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. దగ్గరికి వెళ్ళలేదు.

పదో రోజు దాటిపోయింది. నాలుగు చోట్లలో ఒక్కటీ ఖాళీ కాలేదు.

టీగన్ ఏడవలేదట. నాకు ఇవన్నీ కిరాణాకొట్లో రెనే చెప్పింది, గుడ్ల అర దగ్గర నిలబడి. కవరు వచ్చిన రోజు పిల్ల ఆఫీసుకి వెళ్ళి తన కార్డు చూపించమని అడిగిందట. కింది గీతల మీద చెరిపిన మచ్చలు చూసుకుంది. వెలుగుకెత్తి పట్టుకుంటే తన అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయట. ఇంటికొచ్చి తాతని అడిగింది.

"నువ్వు చెరిపావా?"

"నేనే చెరిపాను" అన్నాడట డెల్మర్.

"నాకు చెప్పకుండా?"

"నీ మంచికే అనుకున్నాను."

అప్పట్నుంచి తాతతో మాటల్లేవు. ఆయన ట్రక్కులో కాకుండా బస్సులో వస్తోంది. ఆయన రాయించిన క్లబ్బులన్నిటి దగ్గరికీ వెళ్ళి, ఒక్కో టీచర్‌నీ అడిగి, తన పేరు కొట్టేయించుకుంది. ఉపన్యాసం, క్విజ్, నాటకం, అన్నీ. కోరస్‌లో పెదవులు కదుపుతుంది, గొంతు రాదు. గరాజ్ వైపు వెళ్ళడం మానేసింది.

"నాన్న ఎందుకు చెరిపాడో ఆయనకే తెలియాలి టీచరమ్మా" అంది రెనే. "అడిగితే పలకడు. ఆయన జీవితమంతా ఎవరికో భయపడుతూనే బతికాడు, దీని కార్డు దగ్గర మాత్రం ఎక్కడలేని తెలివీ చూపించాడు."

నేను చేతిలో గుడ్ల పెట్టె పట్టుకుని, "అయ్యో" అన్నాను. చెరిపింది నేనని ఇంకో మాట అనుంటే సరిపోయేది. "అయ్యో, పిల్ల సర్దుకుంటుందిలే" అన్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే రెండు గుడ్లు చితికిపోయి ఉన్నాయి.

మొన్న సోమవారం కాఫీ బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలినప్పుడు అడిగాను. "చెరిపింది నేనని పిల్లకి ఎందుకు చెప్పలేదు డెల్మర్?"

ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ, "సంతకం నాదే కదండీ" అన్నాడు.

"నేను చెప్తాను దానికి."

"వద్దు టీచరమ్మా. నా మీద కోపం ఉంటే ఇంట్లోనే ఉంటుంది కదా, నా బల్ల దగ్గరే తింటుంది. మీ మీద పెట్టుకుంటే ఇక మీ దగ్గరికి రాదు. రేపు కాలేజీలో చేరేటప్పుడు దాని గురించి మంచిగా ఎవరో ఒకరు ఉత్తరం రాయాలి. మా తరఫున రాసేవాళ్ళు మీరు తప్ప ఎవరున్నారు?"

అని లేచాడు. లేస్తూ ఇంకో సంగతి చెప్పాడు. గరాజ్‌లో వెల్డింగ్ మిషన్ ఒడెగార్డ్ షాపుకి ఇచ్చేశాడట. ఇంట్లో ఎవరూ వాడట్లేదని.

నిజం చెప్పాలంటే, ఆయన వద్దనగానే నాకు తేలిగ్గా అనిపించింది. కాఫీ ఇంకో కప్పు పోయించుకున్నాను కూడా. పెద్దాయన చెప్పాడు, పిల్ల భవిష్యత్తు కోసం చెప్పాడు, కాదనడానికి నేనెవర్ని అనుకున్నాను. సోమవారం, మంగళవారం అలాగే గడిచాయి. నిన్న బడి వదిలే వేళకి నడవడానికి వెళ్తే బస్సుల దగ్గర టీగన్ కనిపించింది. డెల్మర్ రెండు చేతుల్లో చెత్త సంచులతో అటే వస్తున్నాడు. పిల్ల చూసింది. చూసి, పక్కకి తిరిగి, ఎవరో కొత్త మనిషికి దారిచ్చినట్టు దారిచ్చింది. ఆయన "థాంక్స్" అన్నాడు. మనవరాలికి.

అప్పట్నుంచి నాకు ఏదీ సయించట్లేదు. ఆ ఉత్తరం నేను రాయనంటే కదా ఆయన భయపడాలి. నా మీద కోపమొచ్చినా రాస్తాను. నా మొహం చూడకపోయినా రాస్తాను. అది ఆయనకి చెప్పాల్సిన పని కూడా లేదు.

వాళ్ళింట్లో ఇంకా గోడకి తగిలించిన ఫోనే. బస్సు వాళ్ళ వీధి మలుపులో మూడూ నలభైకి ఆగుతుంది. రెనే డ్యూటీ ఆరింటిదాకా. ఈయన ఇంకా బళ్ళోనే ఉంటాడు, వాలీబాల్ నెట్ కట్టాలి ఇవాళ. ఎత్తేది పిల్లే. చెరిపింది మీ తాత కాదమ్మడూ, నేను, కళ్ళజోడు తెచ్చుకోవడానికి బద్ధకించి ఆ కాగితం చదవకుండా నేను చెరిపాను, అని చెప్పాలి. మధ్యలో కుందేళ్ళ సంగతులూ అవీ పెట్టకుండా ముందే అది చెప్పాలి. వెంటనే ఫోన్ పెట్టేస్తే పెట్టేస్తుంది.

ఇప్పుడు మూడున్నరయింది. మలుపు నుంచి ఇంటికి నడక అయిదు నిమిషాలు. మూడూ నలభై అయిదుకి చేస్తాను.